ఫిట్టోనియాకు పట్టని తెగులు

ఫిబ్రవరి 10, ఆదివారం. ఇడ్లీలు, రెండు బకెట్ల బట్టలు, ఇంగువ వడియాల పిండి, బియ్యం ఏరడం, అన్నీ వంటకు ముందే అయ్యాయి. మొక్కలకు నీళ్ళు పోద్దామని వరండాలోకి వెళ్తే, ఫిట్టోనియా కుండీలో మట్టి మాత్రమే ఉంది.

అరచేతిలో పట్టేంత మొక్క. ఎక్కడో వానలు తెగని అడవుల్లో పుట్టిందట. పచ్చటి ఆకు నిండా ముగ్గు వేసినట్టు తెల్లటి ఈనెలు. పోయినేడు చనిపోయిన మా చెల్లెలు తన చేత్తో నాటి ఇచ్చింది.

"పీకి నీళ్ళ పొయ్యిలో వేశానమ్మా," అన్నారు నిన్ననే పల్లె నుంచి వచ్చిన మామయ్యగారు. "ఆకంతా తెల్లబడిపోయింది, చూళ్ళేదా? పల్లాకు తెగులు! వదిలేస్తే మిగతా కుండీలకూ అంటుకునేది."

ఆ తెలుపు దాని పుట్టు రంగేనని చెప్పబోతుంటే గుర్తొచ్చింది. ఈ ఏడు ఆయన మినుము చేనంతా, ఆకులు పాలిపోయే ఆ తెగులుకే పోయింది.

"నాలుగు మొక్కలేగా అని ఊరుకున్నా. అప్పుడే పీకి తగలేసుంటే చేను మిగిలేది. పోన్లే, నీ మొక్కలన్నా దక్కించా."

"మంచి పని చేశారు మామయ్యగారూ," అన్నాను.

వచ్చినప్పటి నుంచి మెతుకులు కెలుకుతున్న మనిషి, మధ్యాహ్నం మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు. వడ్డించి వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. రైతు తిరిగే ఇంట్లో తెల్ల ఈనెల మొక్కను పెంచడం నాదే తెలివితక్కువ.

మీరైతే ఆయనకు నిజం చెప్పేవారా? నేను మాత్రం ఆ మొక్కతో నా ఋణం తీరిపోయిందనే రాసుకుంటున్నాను.