రెండ్ల లెక్క

పడుగు అతకడం నా పని. పడుగంటే చీరలో నిలువు పోగులు. మగ్గం మీద చీర పూర్తయ్యాక పాత పడుగు కొసల్ని మూరెడు అలాగే ఉంచేస్తాం. కొత్త పడుగులోని పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ కొసలకు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. పట్టుచీరంటే వేల పోగులు. మా ధర్మవరంలో ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ నేర్పింది. రెండు పోగులు ఒకేసారి వేళ్ల సందుకు తీసుకోవడం, రెండు, నాలుగు, ఆరు అని పైకి లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు అనేది బడి లెక్క. నేను గుడ్లయినా, మెట్లయినా రెండ్లలోనే లెక్కపెడతాను. ఆ అలవాటే ఒకరోజు నా ప్రాణం మీదికి తెచ్చింది.

మూడేళ్ల కిందట సాయంత్రాలు ఎడమ రెప్ప వాలిపోవడం మొదలైంది. తర్వాత ఒక పోగు రెండుగా కనబడసాగింది. ఏది అసలుదో తెలియక గాలిని పట్టుకునేదాన్ని. ఈ పనిలో కళ్లు పోవడం మామూలే కదా అని అద్దాలు పెట్టించుకుంటే, ఆ రెండు పోగులూ ఇంకా స్పష్టంగా కనబడ్డాయి. తల దువ్వుకుంటుంటే చెయ్యి మధ్యలోనే జారిపోయేది. సంగటి ముద్ద గొంతులో ఆగేది. పొద్దు వాలేసరికి మాట ముక్కులోంచి వచ్చేది.

మా అత్త ఇదంతా పని తప్పించుకోవడానికే అనుకుంది. మనసులో దాచుకునే మనిషి కాదు, ముఖం మీదే అడిగింది.

"పొద్దున లేని రోగం పొద్దుగూకేతలికి యాడ నుంచి వస్తాదే నీకు?"

తర్వాత తెలిసింది, ఆ రోగం గుర్తే అదట. ఏ డాక్టరూ అడగని ప్రశ్న మా అత్త ఏడాది ముందే అడిగింది. కాకపోతే తిట్టుగా అడిగింది.

చివరికి బెంగుళూరులో ఒక డాక్టరు కనిపెట్టాడు. ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నరం నుంచి కండకు కబురు అందే చోట దెబ్బ తగులుతోందని, రోగాల నుంచి నన్ను కాపాడాల్సిన నా ఒంటి బలమే ఆ చోటును కొరికేస్తోందని చెప్పాడు. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి ఉంటుందట. పెద్దయ్యేకొద్దీ అది ముడుచుకుపోవాలి. నాకు ముడుచుకోకపోగా, దాని మీద గడ్డ కూడా లేచింది. అది తీసేయాలన్నాడు. నాకు మాత్రం ఒక్క సంగతే అర్థమైంది. లోపల అతుకులు ఊడిపోతున్నాయి.

"తీసేస్తే మళ్లీ పడుగు అతుకుతానా సార్?"

"అతకొచ్చు. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. ఖాయంగా మాత్రం చెప్పలేను."

ఖాయంగా చెప్పి ఉంటే ఆయన్ని నమ్మేదాన్ని కాదేమో.

ఆపరేషనుకు ముందు నెలంతా తయారీ. గడియారం చూసి మాత్రలు. ఒక్క పూట ఆలస్యమైతే మెడ నిలబడేది కాదు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నాకు ఒకటి లేచేది, రెండోది వణికేది, మూడోది కదిలేదే కాదు. తర్వాత ఆస్పత్రిలో చేర్చుకుని, రోజు విడిచి రోజు ఒంట్లోని రక్తాన్ని మిషనులోకి తీసి, చెడ్డ నీటిని వేరు చేసి మళ్లీ ఎక్కించారు. అలా ఐదుసార్లు. ఆ పడకలో వణుకుతూ నేను ఇంట్లో మగ్గం గురించే ఆలోచించేదాన్ని. మేము బయలుదేరే ముందు ఒక చీర దిగింది. నా భర్త పాత కొసల్ని చిన్న చిన్న కుచ్చులుగా ముడివేసి ఉంచాడు. వేరే ఎవరినైనా పిలిపించి అతికించుకోమన్నాను.

"ఆ మగ్గానికి నీ చెయ్యే అలవాటు. వచ్చినాక నువ్వే అతుకుదువులే" అన్నాడు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నాతో అన్న ప్రేమమాట అదొక్కటే. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను.

కుడివైపు పక్కటెముకల సందుల్లో మూడు రంధ్రాలు పెట్టి, కెమెరా దూర్చి గ్రంథిని తీశారు. లోపల కష్టమైతే రొమ్ము ఎముక కోస్తామని ముందే సంతకం పెట్టించుకున్నారు కానీ ఆ అవసరం రాలేదు. మెలకువ వచ్చేసరికి పక్కలోంచి ఒక గొట్టం డబ్బాలోకి వేలాడుతోంది. దగ్గాలంటే దిండును రొమ్ముకు అదుముకోవాలి. దగ్గకపోతే కఫం చేరుతుంది, దగ్గితే ప్రాణం పోతుంది. రెండింటిలో ఏది మేలో తేల్చుకోవడానికి నాకు ఒక రోజు పట్టింది.

గొట్టం తీసి వార్డుకు మార్చాక, పొద్దునా సాయంత్రం ఒక నర్సు వచ్చేది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడతానో చూసి రాసుకునేది. ఊపిరితిత్తుల బలం తెలిసేది దానితోనేనని, రక్తంలో గాలి చూపించే మిషను చివరిదాకా బాగానే ఉన్నట్టు చూపించి మోసం చేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ముప్పై దాటి నిలకడగా ఉంటే ఇంటికి పంపుతానన్నాడు. ఆ నర్సుకు తెలుగు రాదు. నేను తెలుగులో లెక్కపెట్టేదాన్ని, ఆగగానే ఆమె కన్నడంలో "ఎష్టాయ్తమ్మా?" అని అడిగేది. ఎంతయిందో నేను కన్నడంలో చెప్పేదాన్ని, ఆమె రాసుకునేది.

మొదటి రోజు ముప్పై నాలుగు చెప్పాను. మనసులో ఏ దురుద్దేశమూ లేదు. నోరు తెరిస్తే రెండు, నాలుగు, ఆరు అనే వచ్చింది. అంటే నిజానికి నేను లెక్కపెట్టింది పదిహేడు.

రెండో రోజు పొద్దున లెక్క మధ్యలో నా భర్త తలెత్తి నా వైపు చూశాడు. ఆయనా నేతగాడే కదా. ఆ చూపుతో నా లెక్కలో తప్పు నాకు తెలిసిపోయింది. నేను ఆపలేదు. ముప్పై ఆరు అన్నాను. ఆయనా ఏమీ అనలేదు.

మూడో రోజు తెలిసి తెలిసే రెండ్లలో లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. నర్సు సంతోషపడింది. నా భర్త కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మర్నాడు మమ్మల్ని ఇంటికి పంపారు.

చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. మూడు చిన్న మచ్చలు చూసి వాళ్లకు నిరాశే మిగిలింది.

"ఇంతేనా? నేనేమో రొమ్మంతా కోసినారనుకుంటి" అంది పక్కింటామె. రొమ్ము కోయించుకోనందుకు క్షమాపణ చెప్పాలేమో అనిపించింది.

ఇంటికొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మజ్జిగన్నం తింటుంటే మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. మెడ ముందుకు వాలిపోయింది. గాలి ఇంత లోపలికి పోయి ఆగిపోతోంది. పిలుద్దామంటే గొంతులోంచి శబ్దం రాదు. మా అత్త గడప దగ్గర కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టుకుంటోంది. ఎదురుగానే ఉంది. నేను తింటూ తింటూ కునికిపాట్లు పడుతున్నానని అనుకుంది. చచ్చిపోతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది, దొంగలెక్క చెప్పి చచ్చిపోతున్నానని. ఎలాగో కాలితో పళ్లేన్ని తన్నాను. ఆ చప్పుడుకు అత్త లేచింది.

అనంతపురంలో గొంతులో గొట్టం వేశారు. అలాగే బెంగుళూరు తీసుకెళ్లారు. పదకొండు రోజులు వెంటిలేటర్ నా బదులు ఊపిరి పీల్చింది. తెలివి నిలిచాక ఒక కాగితం, పెన్సిలు అడిగి తీసుకుని వంకరటింకరగా రాశాను. 'నేను రెండ్లు లెక్కపెట్టినాను.' డాక్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చదవమని నా భర్తకు ఇచ్చాడు. ఆ గదిలో అది చదవగలిగిన మనిషి ఆయనొక్కడే. చదివాడు. నీళ్లు కావాలని రాసింది అని చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు.

"లెక్క తప్పు చెప్పింది సార్. రెండ్ల లెక్కన చెప్పింది. చెప్పినదాంట్లో సగమే నిజము. నాకూ తెలుసు. మగ్గం ఊరికే ఉండాదని, ఇంటికి పోదామని నేనే నోరు మూసుకుంటి."

ఆయన ఏడుస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. డాక్టరు కోప్పడలేదు. ఆపరేషను తర్వాత ఇలాంటిది ఎవరికైనా రావచ్చు, తెలిసుంటే మాత్రం ఇంకో వారం పంపేవాణ్ణి కాదు అన్నాడు. ఆ వారం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

ఇది జరిగి ఐదు నెలలైంది. గొంతు బొంగురుపోయింది, ఇంకా సర్దుకోలేదు. రెప్ప మాత్రం కొన్ని సాయంత్రాలు నిలబడుతోంది. నెల కిందట, పొద్దున మాత్ర వేసుకున్నాక ఒక గంట మగ్గం దగ్గర కూర్చోవడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. పాత కుచ్చులు విప్పుకుని రోజుకు కొన్ని పోగులు అతుకుతున్నాను. చేతులు వాలగానే ఆపేస్తాను. ఒకప్పుడు రెండు రోజుల్లో తేల్చేసే పడుగు, ఇప్పటికి మూడు వంతుల్లో రెండు వంతులు దాటింది. మా అత్త రోజూ దాన్ని తడిమి చూసి ఏమీ అనకుండా వెళుతుంది. ఆమె ఏమీ అనకపోవడం నాకు భయంగా ఉంటుంది.

రోజూ కూర్చునే ముందు ఒక్క ఊపిరి లెక్క ఉంటుంది. నా భర్త ఎదురుగా కూర్చుని నా పెదాల్నే చూస్తాడు. అయినా ఏ లెక్కన చెప్పానో ప్రతిరోజూ అడుగుతాడు. నా మీద నమ్మకం లేక అడుగుతాడో, తన మీదే నమ్మకం లేక అడుగుతాడో నాకు తెలియదు.

మొన్న ఇరవై ఆరు వచ్చింది. నిన్న ఇరవై ఒకటి. ఈ రోజు పొద్దున బావి దగ్గర నీళ్లు తోడుతున్నట్టు ఆయాసంగా ఉంది. ఆయన ఇంకా పంచ కట్టుకుంటూ లోపలే ఉన్నాడు, నేను ఒక్కదాన్నే లెక్కపెట్టుకున్నాను. ఇరవై కన్నా తగ్గితే ఆగకుండా రమ్మని డాక్టరు చెప్పాడు. పడుగు ఇంకొక్క పది రోజులుంటే అయిపోతుంది.

ఆయన బయటికి వచ్చాడు.

"లెక్క అయిపాయనా? ఎంత మే?"

ముప్పై రెండు అనడం ఎంత తేలికో నాకు తెలుసు.

"పదహారు" అన్నాను.

"రెండ్లా, ఒకట్లా?"

"ఒకట్లే."

ఆయన మేకుకు తగిలించిన ఆస్పత్రి ఫైలు తీశాడు. తర్వాత మగ్గం దగ్గరికి వెళ్లి, అతకని పోగులు చిక్కుపడకుండా మళ్లీ కుచ్చులుగా ముడివేయడం మొదలుపెట్టాడు. నేను వేళ్లకు అద్దుకున్న బూడిదను కొంగుకు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాను.