సేకరణ అని వేశారు

నా పాటకు నా పేరు లేదని నాకు చాయ్ హోటల్లో తెలిసింది. హోటలాయన ఫోను గల్లాపెట్టె మీద నిలబెట్టి పాటలు పెడుతుంటాడు. ఆ పొద్దున వచ్చిన పాట మొదటి ముక్క వినగానే నా చేతిలో సాసరు ఆగిపోయింది.

"ఏందే కాకా, గిది నీ పాటనే గద?" అన్నాడు హోటలాయన.

"నాదే. ఎవలు పాడుతాండ్లు?"

"ఎవలో పిల్ల. మస్తు ఎగురుతాంది."

కింద రాసింది చదవమన్నాను. నాకు చదువు రాక కాదు, కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. సంగీతం ఫలానా, డ్యాన్స్ ఫలానా, డ్రోన్ ఫలానా. సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి 'సేకరణ' అని ఉంది. డ్రోన్ ఎగరేసినవాడికి పేరుంది, పాట కట్టినవాడికి లేదు!

"సేకరణ అంటే ఏందే?"

"రోడ్డు మీద దొరికిందని," అన్నాను. చాయ్ సగం వదిలేసి లేచాను.

నేను బడికి పోలేదు. అక్షరాలు సినిమా పోస్టర్ల మీద, నూలు బేళ్ళకు చుట్టివచ్చే పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. ఒకసారి ఒక సభలో పెద్ద చదువు చదివిన సారు నన్ను 'నిరక్షరాస్య కవి' అని పరిచయం చేశాడు. అదే సభలో ఆయన రాసుకొచ్చిన కాగితంలో రెండు తప్పులు చూపించాను. మళ్ళీ పిలవలేదు.

పాట మాత్రం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. రాట్నం మీద నూలు కండెలు చుట్టేటప్పుడు అమ్మ మాటల్లేకుండా ఒక రాగం తీసేది. రాట్నం ఆగితే రాగం కూడా ఆగేది. కాజీపేట దర్గాలో కవ్వాలీ వింటూ, ఒకే ముక్కను పదిసార్లు అన్నా పదిసార్లూ కొత్తగా ఎట్లా ఉంటుందో చూశాను. గూడ్సు బండి వంతెన దాటే చప్పుడు మీద దరువు పట్టాను. ఒగ్గు కథ ఎక్కడ జరిగినా పోయేవాణ్ణి. నేను కథ చెప్పేవాణ్ణే చూసేవాణ్ణి. నా జోడీ మాత్రం పక్కన నిలబడి 'ఊ' కొట్టి వంత పాడేవాణ్ణి చూసేవాడు.

జోడీ అంటే మగ్గం మీద నా పక్కవాడు. మేము నేసింది జంపఖానాలు. మంచమంత వెడల్పుండే జంపఖానా ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పక్కపక్కన కూర్చోవాలి. అడ్డంగా పోయే పేక నూలు నేను నడిమి దాకా అందిస్తే, అక్కణ్ణించి అతను అందుకుని తన అంచు దాకా తీసుకుపోతాడు. మా పాటలు కూడా అట్లాగే పుట్టాయి. ఎడమ దిక్కు కూర్చున్న నేను అడిగేవాణ్ణి, కుడి దిక్కు కూర్చున్న అతను జవాబు చెప్పేవాడు. నూలు తన చేతికి అందేలోపు జవాబు రావాలి. అది మా పంతం.

'చెల్కల తెల్లగ ఏమి మెరిసెనే?' అని నేనంటే, 'ఎండకు పత్తి పండ్లిగిలించెనే' అనేవాడు. నవ్వాగక నా నూలు తెగేది.

ఇరవై ఏళ్ళు అట్లా కూర్చున్నాక, ఒకరోజు వర్ధన్నపేటలో తన బామ్మర్ది భూమి కౌలుకు దున్నుకుంటానని మగ్గం మీంచి లేచి వెళ్ళిపోయాడు. తిండికి చాలక పోయాడని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం, "మగ్గాన్ని సగం కోసుకపోతానవ్ రా!" అని బజారులో అరిచాను. తర్వాత మాట్లాడలేదు. అతను చనిపోయాడని తెలిసినప్పుడు కూడా నేను పోలేదు. బస్సెక్కితే గంట దూరం.

ఈ కోపమంతా మూటగట్టుకుని హన్మకొండలో ఆ పాట తీసిన స్టూడియోకు పోయాను. నడిపేవాడు మర్యాదస్తుడే.

"కూసో పెద్దనాయినా. చాయ్ తాగుతవా?"

"తాగే వచ్చిన. నా పాట ఎవల్నడిగి వాడుకున్నరు?"

"జానపదం గదనే. జానపదమంటే ఎవలిదో ఒకలిది..."

"గా ఎవలో ఒకన్ని నేనే."

నవ్వాడు. "గట్ల అనేటోళ్ళు మస్తుమంది వస్తాండ్లు. జర సాక్ష్యం ఏమన్న చూపియ్యి."

"మీ వీడియోల లేని చరణం పాడ్త. మైకు పెట్టు."

మైకు పెట్టాడు. చెవులకు ఏవో తగిలించాడు. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను: 'మగ్గం గుంతల ఎవలి నీడనే?'

పాడి ఆగాను. అలవాటు కొద్దీ కుడి దిక్కుకు కొంచెం తిరిగాను కూడా.

"తర్వాత?" అన్నాడు అద్దం అవతల నుంచి.

తర్వాతిది నాకు రాదు. వెయ్యిసార్లు విన్నాను గానీ ఒక్కసారి కూడా నా నోటితో అనలేదు. మిగతా జవాబులు వాడకట్టంతా పాడేది కాబట్టి నిలిచాయి. ఈ చరణం మగ్గం దగ్గర తప్ప ఎక్కడా పాడలేదు. నా వంతే నేను మోశాను.

"జవాబు నాది కాదు," అన్నాను.

అతను తన ఫోనులో ఒక రికార్డింగ్ పెట్టాడు. పాడిన పిల్ల వర్ధన్నపేటలో ఒక ముసలామె దగ్గర ఈ పాట నేర్చుకుందట. ఆ గొంతు దగ్గగానే పట్టాను. మధ్యాహ్నాలు మా ఇద్దరికీ సద్ది తెచ్చిన మనిషి, నా జోడీ భార్య. ప్రశ్నా జవాబూ రెండూ తానే పాడింది, ఆ మగ్గం గుంత చరణం తప్ప. చివర పిల్ల అడిగింది, "ఎవలు కట్టిండ్లవ్వా?"

"సగం మా ఆయనది, సగం ఆయన జోడీది బిడ్డా. ఒక్కల పేరు పెడితె ఇంకొకలకు బాధైతది. ఆ జోడీకి మొదలే కోపం ముక్కుమీదుంటది. ఎవల పేరు పెట్టకుండ్రి. పాడుకోండ్రి."

స్టూడియో అతను కాగితం ముందుకు జరిపాడు. "మరి ఇప్పుడు ఏం రాయాలె పెద్దనాయినా?"

"ఇద్దరి పేర్లు రాయి. ముందు నాది. అడిగేది ముందు గద," అన్నాను. సిగ్గు లేకుండానే అన్నాను.

ఆ చరణం కోసం ఆమెకు ఫోను కలపమన్నాను.

"చెల్లె, నేను." 

"యాదికొచ్చిన్నా అన్నా?"

చరణం సంగతి అడిగాను.

"గది ఇంట్ల పాడకపోతుండె. మగ్గం కాడిదనేటోడు," అంది. ఆ తర్వాత, "ఆయన పోయిన్నాడు నీ తొవ్వ జూసిన. పాట కోసం ఫోన్ జేసినవా?" అంది.

ఆమే ఫోను పెట్టేసింది.

పేర్లు మార్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని నేనే చదివాను. ఆ చరణం కూడా పాడిస్తామని, జవాబు రాసి తెమ్మని స్టూడియో అతను అంటున్నాడు. నెల రోజులుగా రాస్తున్నాను. నీడ మా అమ్మదని రాశాను, ఆకలిదని రాశాను, అతనిదేనని కూడా రాశాను. ప్రాసలు కుదిరాయి, దరువు కుదిరింది. చదువుకుంటే ఒక్కదానికీ నవ్వు రాదు. అన్నీ కొట్టేశాను. ప్రశ్న ఒక్కటే పాడతానని రేపు పోయి చెప్పాలి. ముందు చెల్లె దగ్గరికి వర్ధన్నపేట బస్సెక్కాలి.