ముప్పై బీకర్లలో తగ్గిన వేడి

మా కెమిస్ట్రీ సార్ పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైల్లో హిందూపురం పోయి, ఆయన్ను కడసారి చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరాను. ఈ వయసులో ఏడవడానికి కూడా ఓపిక కావాలి. అది లేక రాస్తున్నాను.

తొంభైల్లో పెనుకొండ దగ్గర ఒక చిన్న కాలేజీ ల్యాబులో నేను అటెండరును. ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. సీసాల మీది పేర్లు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చాను. టీ తెచ్చిస్తే సార్ గ్లాసును చెంపకు ఆనించి, "ఇంకో రెండు డిగ్రీలు తగ్గాలప్పా" అనేవారు. పిల్లలకు మోల్ గురించి చెప్పేటప్పుడు, "గ్రాములు తక్కెడకు తెలుస్తాయి. లోపల కణాలెన్నో మనమే లెక్క కట్టాల" అనేవారు.

ఒక సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షల ముందురోజు ముసురు పట్టింది. నేను సోడియం హైడ్రాక్సైడ్ డబ్బా మూత తీసి, చిలమత్తూరు బస్సులో పొట్టేలు కండక్టరును దింపేసిన కథ వాచ్‌మన్‌కు చెబుతూ నిలబడ్డాను. అది పొడుగు కథ, మీకిప్పుడు వద్దు. చెప్పడం అయ్యాక మూత మరిచి ఇంటికి పోయాను. డబ్బాలోని ఆ క్షారం బిళ్లలు గాలిలోని తేమను పీల్చుకుంటాయని నాకు తెలియదు. మర్నాడు లీటరుకు నలభై గ్రాముల చొప్పున తూచి, నీళ్లలో కలిపి సీసాలో పోశాను. తూకం సరిగ్గానే ఉంది. అందులో బిళ్లలు పీల్చిన తేమ బరువూ ఉంది.

ఆ రోజు పరీక్ష, ఆమ్లమూ క్షారమూ కలిస్తే పుట్టే వేడిని కొలవడం. ఎన్ని మోల్స్ కలిస్తే అంత వేడి. ఏడు డిగ్రీల దాకా పెరగవలసింది, ముప్పై మందికీ ఐదున్నర దగ్గరే ఆగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మార్కులు కోయడానికి సిద్ధమయ్యారు.

"ఏం సార్, మీ పిల్లలకు థర్మామీటరు చూడటం కూడా నేర్పలేదా?"

"నేర్పినాను కాబట్టే అందరికీ ఒకటే వచ్చింది సార్. పిల్లోల్లు తప్పు చేస్తే తలా ఒక రకంగా చేస్తారు. ఈ తప్పు సీసాలో ఉండాది."

"సీసాలోది ఎవరు కలిపారు?"

నాది తాత్కాలిక ఉద్యోగం. ఒక్క మాటతో పోతుంది.

"నేనే" అన్నారు సార్.

ఆ మాటే కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని, ఎగ్జామినరు పిల్లలకు మార్కులు వేశారు. ఆ కాగితం పుణ్యాన పైవాళ్లు సార్‌ను సంజాయిషీ అడిగారని తర్వాతెప్పుడో తెలిసింది.

అందరూ పోయాక, "సార్, మూత నేనే..." అన్నాను.

"తెలుసులేప్పా. పొట్టేలు కథ నేనూ విన్నా. యాడ ఆపాలో నీకు తెలీదు. కూచో. సీసాలో మిగిలినదాని బలమెంతో నువ్వే కట్టు."

బ్యూరెట్ నుంచి ఆమ్లం చుక్కచుక్కగా వదిలాను. ఫ్లాస్కులో గులాబీ రంగు పోయిన చోట ఆపించారు. మోల్స్ లెక్క మూడుసార్లు తప్పాను. నాలుగోసారి లీటరుకు ఒక మోల్‌కు బదులు సున్నా పాయింట్ ఎనిమిది తేలింది. సార్ సీసా మీది పాత చీటీ గీకేసి, కొత్తది అతికించారు.

"అంకె రాయి. కింద నీ పేరు రాయి."

"నా పేరెందుకు సార్?"

"లెక్క కట్టింది నువ్వే కదప్పా."

గుండ్రటి సీసా మీద పెన్ను నిలవలేదు. సీసా కదలకుండా సార్ రెండు చేతులతో పట్టుకుని, నా పేరులో చివరి అక్షరం పూర్తయ్యేదాకా అట్లాగే వంగి నిలబడ్డారు.