అంబాసిడర్ డిక్కీల మూడు కిలోల బంగారం

నేను ఫారిన్ల మూడు కిలోల బంగారంతోని దొరికిన్నని ఎవరో చెప్తే మీరంత నమ్మిండ్రట గదా. నమ్మినోళ్లు జర ఇటు జరిగి కూసోండ్రి. దొరికింది నిజమే. బంగారం అన్న మాట గూడ నిజమే. అయినా జైల్ల లేను, మీ ముందటనే ఉన్న. ఎట్లనో చెప్త. నడుమల నవ్వితే మాత్రం ఆపేస్త.

నా పని మీకు ఎరికే. కరీంనగర్ల గ్రానైట్ ఆఫీసుల పద్దెనిమిదేండ్ల సంది కాగితాలు చూస్తున్న. ఏ రాయి ఏ ఓడ ఎక్కాలె, ఎవని సంతకం ఎక్కడ పడాలె, నిద్రల లేపి అడిగినా చెప్త. గందుకే గింత పొగరు. "రాళ్లనే సముద్రాలు దాటిస్తున్న, కారొక లెక్కనా?" అని ఊరంత చెప్పుకుంట తిరిగిన.

మా అంబాసిడర్ సంగతి కొత్తోళ్లకు తెల్వదు గదా, చెప్త. బోథ్ల ఒక పత్తి సేటు షెడ్డుల పదకొండేండ్లు పడి ఉండె. వెనుక సీట్ల కోళ్లు గుడ్లు పెడుతుండె. నేను దాన్ని కొన్న, ఖాదర్ భాయ్ బతికిచ్చిండు. ఖాదర్ భాయ్ అంటే మా గల్లీ మెకానిక్కు, నాకంటే పన్నెండేండ్లు పెద్ద. మూడేండ్లు ఆ కారు కిందనే పండిండు. నా వంతు ఏందంటే, పక్కకు స్టూలేసుకొని పానలు అందిచ్చుడు. అది గూడ ఆయన పది నంబరు అడిగితే నేను పన్నెండు ఇచ్చేది.

ఒకనాడు ఫోన్ల చూసిన. గల్ఫుల పాత కార్ల పండుగ. ఏ దేశపోళ్లైనా సరే, ఎవని కారు వాడు తెచ్చుకోవచ్చు. ఆఖరి రోజు సముద్రం ఒడ్డు పొంటి అన్ని కార్ల ఊరేగింపు. ఏ దేశమని అడగద్దు, మన దిక్కు గల్ఫంత దుబాయే. ఖాదర్ భాయ్‌కి చూపెట్టిన. ఆయన చేతులు తుడుసుకొని ఫోన్ తీసుకున్నడు.

"తమ్మీ, గా ఊర్లనే నేను ఎనిమిదేండ్లు గ్యారేజీల పని చేసిన," అన్నడు మెల్లగ. "ఏటేట గీ ఊరేగింపు కార్లను కడిగి పంపుడే నా పని. ఒక్కసారన్న రోడ్డు మీదికి పోయి చూడలే. సేటు పోనియ్యలే."

ఇగ అయిపాయె. గా ఊరేగింపుల ఖాదర్ భాయ్‌ని స్టీరింగు ముందట కూసోబెట్టాలె. నాకు గదొక్కటే పట్టింది. తిన్నా గదే, పండినా గదే.

కారుకు గూడ పాస్‌పోర్టు లెక్క ఒక పుస్తకం ఉంటది, అది తీసిన. ఖాదర్ భాయ్ నడిపెటందుకు నా సంతకంతోని ఒక లెటరు తయారు చేసిన. ముంబైల ఓడ బుక్ చేసిన. అన్ని అయినంక షిప్పింగోళ్లు ఫోన్ చేసి, కారుల విడిగ ఏమేం సామాన్లున్నయో లిస్టు పంపుమన్నరు. గప్పుడు నేను క్వారీ కాడ ఉన్న. కారేమో ఇంటికాడ ఉన్నది. ఆఫీసుల శిరీష ఉన్నది, కొత్తగ చేరింది, భీమవరం దిక్కు పిల్ల. మా అవ్వకు ఫోన్ చేసి, డిక్కీల ఏమున్నయో అడిగి టైపు చెయ్యుమని చెప్పిన.

అవ్వ చెప్పింది, శిరీష రాసుకున్నది. స్టెప్నీ ఒకటి. జాకీ ఒకటి. పానల డబ్బ. రెండు చెద్దర్లు. మూడు కిలోల బంగారం.

మీకు చెప్పేదేమున్నది. మేడారం జాతర్ల బెల్లాన్ని మనం బెల్లం అనం, బంగారం అంటం. మనిషి బరువుకు జోకి సమ్మక్క సారలమ్మకు మొక్కు చెల్లిస్తం. మొన్న జాతర కాడికెల్లి తెచ్చిన ముద్దను అవ్వ పసుపు గుడ్డల కట్టి, కారు సముద్రం దాటుతున్నదని, తల్లి కాపాడుతదని డిక్కీల పెట్టింది. పెట్టినట్టు నాకు తెల్వదు. శిరీషకు జాతర సంగతే తెల్వదు.

పాపం ఆ పిల్ల తప్పు లేదు. అవ్వను మల్ల మల్ల అడిగిందట.

"నిజం బంగారమేనా అమ్మమ్మగారూ?"

"నిజందే బిడ్డా. తల్లి గద్దెల కాడికెల్లి తెచ్చింది."

"మూడు కిలోలాండీ?"

"ఇంకింత ఉండె. వాడకట్టోళ్లకు పంచిన."

గ్రానైటోళ్లు గిట్లనే ఉంటరేమో అనుకున్నదట. అయినా తెలివిగల పిల్ల, నాకు మెసేజ్ పెట్టింది. 'సార్, బంగారం కూడా రాయాలా?' నేను దుమ్ముల నిలవడి, సగం చూసి సగం చూడక, 'అవ్వ ఏం చెప్తే గది రాయి' అని కొట్టిన. సాయంత్రం ఆఫీసుకు వచ్చి, ఫోన్ల ఎవనితోనో మాట్లాడుకుంట ఆ లిస్టు మీద సంతకం గూడ గీకిన. చదివిన్నా? పద్దెనిమిదేండ్ల అనుభవం ఉన్నోడు చదువుతడా?

మన దగ్గర ఎవ్వరు రెండో పేజీ తిప్పలే. అక్కడ తిప్పిండ్రు.

మేం విమానం దిగి పోర్టు ఆఫీసుకు పోయేసరికి పొద్దుగాల పది. ఊరేగింపు అదే రోజు నాలుగు గంటలకు. కారు రెండు రోజుల కిందనే ఓడ దిగి యార్డుల నిలవడి ఉన్నది. ఖాదర్ భాయ్ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ ఏసుకొని వచ్చిండు. బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఏం బేటీ, ఓడల కక్కుకున్నవా?" అని కారును అడిగిండు. ఆయనను ఆడనే ఇడిచి నేను లోపలికి పోయిన.

ఆఫీసరు మర్యాదస్తుడు. కూసోమన్నడు. బల్ల మీద పసుపు మూట. పక్కకు నా లిస్టు. ఒక లైను కింద ఎర్ర గీత. 'గోల్డ్, త్రీ కేజీ.'

అవ్వ మొకం, శిరీష మెసేజు, నా సంతకం, మూడు ఒకటేసారి కండ్ల ముందు తిరిగినయ్. ఆయన మూట ఇప్పిండు. గోధుమ రంగు ముద్ద, మీద పసుపు కుంకుమ.

"వాట్ ఈజ్ దిస్?"

బెల్లాన్ని ఇంగ్లీషుల ఏమంటరో చెప్పుండ్రి. ఇప్పుడు చెప్తరు మీరు. గా బల్ల ముందట చెప్పుండ్రి. నాకు ఇంగ్లీషు రాలే, తెలుగు రాలే, మన కరీంనగర్ ఉర్దూ వచ్చింది. ఉర్దూల బెల్లాన్ని గుడ్ అంటరు గదా.

"గుడ్, సర్."

"ఓకే, గుడ్. బట్ వాట్ ఈజ్ ఇట్?"

"గుడ్, సర్. ప్యూర్ గుడ్."

ఆయన పెన్ను తీసి, గోల్డ్ పక్కకు 'ప్యూర్' అని రాసుకున్నడు.

ఇగ లాభం లేదని ఖాదర్ భాయ్‌ని పిలిపిచ్చిన. ఆయనకు అరబ్బీ వస్తది, గని అంత గ్యారేజీ అరబ్బీ. బోల్టు ఇప్పు, ఆయిల్ పొయ్యి, జల్ది జెయ్యి. బెల్లానికి ఆయన దగ్గర గూడ మాట లేదు. చక్కెర అని చెప్పి చూసిండు. చక్కెర తెల్లగుంటది గదా, గిది రాయి లెక్క ఎందుకున్నది అన్నడు ఆఫీసరు.

ఖాదర్ భాయ్ నా దిక్కు తిరిగిండు. "తమ్మీ, బంగారం చాయ్‌ల కరుగుతదా?"

"కరుగదు."

"మరి చూస్తవేంది?"

అక్కడ పాలు లేని చాయ్ తాగుతరు. ఖాదర్ భాయ్ ఆఫీసరు గిలాసనే ముందటికి గుంజుకొని, ఒక ముక్క ఇరిచి అండ్ల ఏసి, చెంచతోని తిప్పిండు. కరిగింది. ఆఫీసరు వాసన చూసిండు. ఒక గుటక తాగిండు. ఇంకో గుటక తాగిండు. పక్క టేబులాయనను పిలిచి తాపిండు. ఆయన ఇంకొకాయనను పిలిచిండు.

నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం వస్తే నేను ఆగుతనా? బంగారమంటే ప్రసాదం. ప్రసాదం దాచుకోవద్దు, అందరికి పంచాలె. చిన్నప్పటి సంది అవ్వ నేర్పిన మాట. సుత్తె అడుక్కొని, ముద్ద పలగ్గొట్టి, టేబులు టేబులుకు తిరిగి పంచిన. లోపలోళ్లకు పంచిన, యార్డుల క్రేన్ డ్రైవర్లకు పంచిన, తలుపు కాడి సెక్యూరిటీకి గూడ పంచిన. కొందరు చాయ్‌ల ఏసుకున్నరు, కొందరు పిల్లలకని కాగితంల చుట్టుకున్నరు. ఆఖరి పలుకు నేను కండ్లకద్దుకొని నోట్ల ఏసుకున్న. ఆఫీసరు నవ్వుకుంట, "తినొచ్చి సంతకం పెడత," అని పోయిండు. ఆయన వచ్చేలోపట డ్యూటీ మారింది. ఆయన ఇంటికి పోయిండు, ఆయన కుర్చీల ఇంకొకాయన వచ్చి కూసున్నడు.

ఈయనకు మీసం ఉన్నది, నవ్వు లేదు. లిస్టు మొత్తం చదివిండు. రెండో పేజీ గూడ.

"వేర్ ఈజ్ ద గోల్డ్?"

"ఫినిష్, సర్."

"ఫినిష్?"

"డిస్ట్రిబ్యూటెడ్, సర్. హోల్ ఆఫీస్."

మాట బయట పడ్డంకనే నాకు సమజైంది. మూడు కిలోల మేలిమి బంగారాన్ని కస్టమ్స్ ఆఫీసందరికి పట్టపగలు పంచిన్నని నా నోటితోని నేనే ఒప్పుకున్న. ఆయన లేచిపోయి తలుపు ఏసిండు. ఒక్కొక్కని పిలిచి ఏం తీసుకున్నవని అడిగిండు. అందరి నోట్ల సాక్ష్యం ఉన్నది గని, ఒక్కడు నోరు తెరువలే.

ఖాదర్ భాయ్ గోడ మీది గడియారం దిక్కు చూసిండు. ఒంటిగంటన్నర. తిట్టినా బాగుండు. గా చూపుకు నాకు సిగ్గుతోని చావొచ్చింది. ఎనిమిదేండ్లు ఒక సేటు ఆపిండు, ఇయ్యాల నేను ఆపుతున్న.

ఆఖరికి మొదటి ఆఫీసరుకు ఫోన్ కలిసింది. ఇద్దరు అరబ్బీల శానసేపు మాట్లాడుకున్నరు. ఫోన్ పెట్టేసినంక మీసపాయన జర మెత్తబడ్డడు. గని కాగితం కాగితమే అన్నడు. లిస్టు మార్చి కరీంనగర్ కాడికెల్లి మల్ల పంపాలె. అప్పటిదాక సంతకం పెట్టినోడు గీ కుర్చీల కూసోవాలె. కారు కావాలంటే లెటరున్నోడు తీసుకపోవచ్చు.

"నువ్వు లేకుంట నేను పోను తమ్మీ," అన్నడు ఖాదర్ భాయ్. "కారు నీది."

"పో భాయ్. ఎనిమిదేండ్లు కడిగి పంపినవ్ గదా. ఇయ్యాల నువ్వే పో."

తాళం చెయ్యి ఆయన చేతుల పెట్టి, మొకం అటు తిప్పుకున్న. ఆయన గూడ అటే తిప్పుకున్నడు.

శిరీషకు ఫోన్ చేసి, బంగారం తీసేసి బెల్లం అని రాసి పంపుమన్న. ఆ పిల్లకు అప్పటికే సగం ప్రాణం పోయింది. "ఒకసారి తప్పయింది సార్, ఈసారి అమ్మమ్మగారిని అడిగే రాస్తాను," అన్నది. అడిగింది. అవ్వ అగ్గయింది. "బెల్లం అంటవా? తప్పు బిడ్డా, కండ్లు పోతయ్. బంగారమనే రాయి."

అరగంటకు కొత్త లిస్టు వచ్చింది. 'గాడెస్ గోల్డ్, త్రీ కేజీ.' మీసపాయన అది చదివి నా దిక్కు చూసిండు. నేను పైన ఫ్యాన్ దిక్కు చూసిన.

ఇగ నేనే అవ్వకు ఫోన్ చేసిన. "అవ్వా, జర బెల్లమని చెప్పే."

"చెప్ప."

"నన్ను జైల్ల ఏస్తరే."

"తల్లి ఉన్నది కొడకా, ఫికర్ చెయ్యకు," అని పెట్టేసింది. అవ్వకు చెప్పకుంట రాయుమని శిరీషను బతిలాడిన. అప్పటికి వాళ్లకు కరెంటు పోయింది.

నాలుగున్నరకు ఖాదర్ భాయ్ వీడియో కాల్ వచ్చింది. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టిండు. ఒక పక్క సముద్రం, ఒక పక్క జనం, ముందట వెనుక హారన్లు. ఆయన మొకం చెమటతోని మెరుస్తున్నది.

"తమ్మీ, మా గ్యారేజీ సేటు రోడ్డు పక్కకు నిలవడ్డడు. ముసలోడయిండు. నన్ను గుర్తు పట్టి చెయ్యి ఊపిండు."

"నువ్వేం చేసినవ్ భాయ్?"

"హారన్ కొట్టిన. గల్లీల గేదెలకు కొట్టినట్టు కొట్టిన."

నాకు ఏడుపు ఆగలే. గా కుర్చీలనే కూసొని, ఫోన్ పట్టుకొని, బొటబొట ఏడ్చిన. మీసపాయన చూసి జైలు భయంతోని ఏడుస్తున్ననుకున్నట్టున్నడు. "నో జైల్, నో జైల్," అని భుజం తట్టి, ఒక గిలాస చాయ్ తెచ్చి చేతుల పెట్టిండు. తాగితే తియ్యగ, కమ్మగ, అచ్చం మేడారం బంగారం. వాళ్లోళ్ల దగ్గర దొరికింది ఆయన గూడ దాచుకున్నడన్నమాట.

కరెంటొచ్చి, శిరీష బెల్లమని రాసిన లిస్టు చేరి నేను బయటవడేసరికి పొద్దు గూకింది, పండుగ ఒడిసింది, టెంట్లు పీకుతున్నరు. ఖాదర్ భాయ్ తెచ్చిన ఊరేగింపు సర్టిఫికెట్ మీద ఓనరు పేరు కాడ ఖాదర్ అని రాసి ఉన్నది. ఉండనియ్యిండ్రి, నేను మార్చమనలే.

నిన్న ఆఫీసుల మా ఓనరు అడిగిండు, "కారు తీసుకొని గంత దూరం పోతివి గదా, పండుగ ఎట్లుండె?" అని.

"చాయ్ మంచిగుండె సార్," అన్న.