తమ్ముడి పోలికలు

మా తమ్ముడు గచ్చిబౌలిలో ఒక ఆఫీసుకు క్యాబ్ నడిపేవాడు. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని మధ్యాహ్నం అన్నానికి హఫీజ్‌పేట్‌లో మా ఇంటికి వచ్చేవాడు. ఆ రోజు రాలేదు. ఫోను కలవలేదు. తెల్లాపూర్ దారిలో అతని బండి పక్కకు ఆపి ఉందనీ, లోపల ఎవరూ లేరనీ తోటి డ్రైవరు చెప్పాడు. సాయంత్రం అమ్మా నేనూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం.

"ఎట్లుంటడమ్మా నీ కొడుకు?" అన్నాడు కానిస్టేబుల్.

"నా కొడుకు నా కొడుకు లెక్కనే ఉంటడు సార్."

"గట్లంటే నేనేం రాయాలె? ఎవరి లెక్క ఉంటడో జర చెప్పు."

"ఎవరి లెక్క ఉండడు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. చామనఛాయ, సన్నగా ఉంటాడు, నీలం చొక్కా అని నేను చెప్పాను. ఆ గదిలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురికి అదే వర్ణన సరిపోతుంది.

నేను బడిలో తెలుగు చెప్తాను. ఒక వస్తువును దానితోనే పోల్చి చెప్పడాన్ని అనన్వయాలంకారం అంటారు. సాటి వచ్చేది లోకంలో మరొకటి లేదనడానికి కవులు దాన్ని వాడతారు. రాజుల కీర్తికి, సముద్రానికి అలా వాడతారని పిల్లలకు చెప్పేదాన్ని. అలంకారమంటే పొగడ్తే అనుకున్నాను. భయపడుతున్న మనిషి నోట దాన్ని వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున దవాఖాన నుంచి కబురొచ్చింది. చాయ్ తాగుదామని బండి ఆపి రోడ్డు దాటుతుంటే టిప్పర్ గుద్దిందట. ఎవరో తెచ్చి అక్కడ చేర్చారు. అప్పటికే ప్రాణం లేదు.

"ముఖం చూడకమ్మా," అన్నాడు శవాల గది దగ్గరి మనిషి.

అమ్మ కాళ్ల మీది గుడ్డ తీయమంది. రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే తడిమింది.

"వీడే బిడ్డా. సల్లగైండు," అంది నాతో.

దినం నాటికి ఫోటో కట్టించాను. స్టూడియోవాళ్లు ముఖం తెల్లగా, నున్నగా చేసి ఇచ్చారు. బంధువులు బాగుందన్నారు. అమ్మ చాలాసేపు చూసి, "గీ పిల్లగాడెవడు?" అంది.

నేను దాన్ని వెనక్కి ఇచ్చేశాను. మా గోడ మీద ఇప్పటికీ ఏ ఫోటో లేదు.