తాతయ్య బతికే ఉన్నాడనడానికి ఆధారం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా దిద్దవలసిన వ్యాసంలాగే కనిపించేది. చేబ్రోలు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సులో తెనాలి చేరి, కాఫీ తాగి ఫోను పట్టుకున్నానంటే, ఇంటర్నెట్లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వమే నా లోకం. అందులో నేను రాసింది తక్కువ, ఇతరులు రాసినదాని పక్కన 'ఆధారం కావాలి' అని తగిలించింది ఎక్కువ. ఎవరో పాపం తమ ఊరి గుడి ఎంత పాతదో మురిసిపోతూ రాసుకుంటే, "మీ నాయనమ్మ గారు చెప్పారంటే కుదరదండి, అచ్చయినది, ఎవరైనా సరిచూసుకోగలిగేది కావాలి" అని జవాబిచ్చేదాన్ని. ('అండి' చేర్చాను కాబట్టి మర్యాదగానే చెప్పానని నా నమ్మకం.) ఇంట్లోనూ అదే వరస. పులుసులో ఉప్పు సరిపోయిందని అమ్మ అంటే ఎవరు రుచి చూశారని అడిగేదాన్ని. అమ్మ గరిటె వైపు చూసేది.

అలాంటి నా దగ్గరికి ఒక ఆదివారం పొద్దున రేపల్లె నుంచి మా చిన్నతాతయ్య వచ్చాడు. అమ్మకు బాబాయి. పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు వేసేవాడు. పద్యం ఎత్తుకుంటే చివరి వరసలో వాళ్ళు కూడా కబుర్లు ఆపేవారు. మనిషి సన్నం, మీసం లావు. ఆ రోజు మాత్రం ఆ మీసానికి దువ్వెన తగిలినట్టు లేదు. కుర్చీలో కూర్చుని, జేబులోంచి ఒక ఆహ్వానపత్రం తీసి నా చేతికిచ్చి, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మడూ, నేను పోయానంట. ఎప్పుడు పోయానో కాస్త నీ ఫోనులో చూసి చెప్పు."

బాపట్లలో ఏటా జరిగే నాటక పోటీల ఆహ్వానం అది. వేదిక పేరు దగ్గర 'కీర్తిశేషులు' అని వేసి, పక్కన తాతయ్య పేరు అచ్చు వేశారు. ఫోను తీసి చూస్తే విజ్ఞాన సర్వస్వంలో కూడా తాతయ్య పోయే ఉన్నాడు. ఆయన పేజీ ఎవరో రాశారు. (మనవాళ్ళ గురించి మనం రాయకూడదన్న నియమం పాటిస్తూ నేను అటు తొంగి కూడా చూడలేదు. అదొక గొప్ప అప్పట్లో.) మరణవార్తకు ఆధారంగా ఒక పత్రిక జిల్లా పేజీ చూపించారు. అందులో తాతయ్య ఫోటో, తాతయ్య వేసిన వేషాలు, అన్నీ ఉన్నాయి.

"పిట్టలవానిపాలెం వైపు అచ్చంగా నా పేరే ఉన్న హార్మోనిస్టు ఒకాయన ఉండేవాడు. పోయింది ఆయనయ్యుంటాడు," అన్నాడు తాతయ్య. "పాపం, ఆయన చావు కూడా నాకే రాశారు. ఈ మధ్య ఎవరూ పిలవట్లేదేంటా అనుకున్నాను. వయసైపోయింది, గొంతు పోయిందనుకుంటున్నారేమోనని సాధన కూడా మానేశాను. మనిషే పోయాడనుకుంటున్నారని తెలీలా."

ఇదెంత పని అని, ఆ మరణం ముక్క నేను వెంటనే తీసేశాను. తాతయ్య కాఫీ ముగించేలోపే అది తిరిగి వచ్చేసింది. తిరిగి పెట్టినాయన అసలు పేరేమిటో, ఏ ఊరో తెలియదు. కానీ ఆ సర్వస్వంలో ఆధారాల విషయంలో నాకు గురువు ఆయనే, మనసులో పద్ధతి మాస్టారని పిలుచుకునేదాన్ని. "పత్రికలో వచ్చిన సమాచారాన్ని ఆధారం చూపకుండా తొలగించకండి" అని రాశారు. "ఆయన నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారండి" అని నేను రాశాను. "మీరు చూడడం ఆధారం కాదండి. అచ్చయినది, ఎవరైనా సరిచూసుకోగలిగేది కావాలి" అని జవాబు వచ్చింది. నా వాక్యాన్ని నాకే వడ్డించినట్టయింది. పైగా 'అండి' కూడా ఉంది. ఆ మర్యాద ఎంత మండిస్తుందో అప్పుడు తెలిసింది.

తాతయ్యకు చదివి వినిపిస్తే కోపం తెచ్చుకోలేదు. "ఆయన చెప్పిందీ న్యాయమే కదే. రేపు నిజంగా పోయినవాడి తరఫున ఎవరో వచ్చి, మావాడు ఎదురుగా కాఫీ తాగుతున్నాడంటే?"

ఆ వారమే ఇద్దరం రైల్లో బాపట్ల వెళ్ళి పత్రిక విలేకరిని కలిశాం. ఆయన తాతయ్యను పైనుంచి కిందికి చూసి నొచ్చుకున్నాడు. సవరణ వేయాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి, రాసి పంపుతాను, ఎప్పుడు వస్తుందో చెప్పలేనన్నాడు.

"ఈయన బతికున్నారని చిన్న వార్త వేయండి సార్," అన్నాను.

"బతికుండడం వార్త కాదు మేడమ్. ఏదైనా చేస్తే వార్త."

తాతయ్య లేచాడు. "అయితే చేస్తాను. నా పేరు పెట్టిన వేదిక ఒకటుంది కదా, దాని మీద నేనే పాడతాను."

పోటీల కార్యదర్శి తాతయ్యను గుమ్మంలో చూసి చేతిలోని టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక తలుపు వెనక పెట్టాడు. తర్వాత కాళ్ళమీద పడబోయి, "బాబాయి గారూ, పొరపాటైపోయిందండి. ఫ్లెక్సీ కూడా కట్టేశామండి, దండేసిన ఫోటోతో," అన్నాడు.

"ఫోటో బాగుందా?"

"చాలా బాగుందండి."

"అయితే ఉండనీరా. నాకు మైకు ముందు కాసేపు చోటివ్వు, చాలు."

పోటీలు ఆ సాయంత్రమే మొదలు. ఆధారం సంగతి ఎప్పుడో మర్చిపోయాను. సాధన మానేసిన గొంతు లేవకపోతే? అసలు ఆ ఉద్వేగానికి గుండె పట్టుకుంటే? పత్రిక రాసింది ముందుగా రాసినట్టవుతుంది. దండ వేసిన తన ఫోటో కిందే తాతయ్య నిలబడేసరికి హాల్లో గుసగుసలు. కొందరు ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూశారు. ఆయన రాగం ఎత్తుకోబోయాడు, గొంతు జీరపోయి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ ఆగింది. హార్మోనియం అబ్బాయి శృతి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, "వన్స్ మోర్," అన్నాడు. ఇంకా పాడని పద్యానికి వన్స్ మోర్ ఏంటని జనం నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వుతో ఎక్కడో బిగిసిన గొంతు వదిలింది. పద్యం లేచింది. చివరి రాగం దగ్గర ఆయన చెయ్యి పైకెత్తి స్వరాన్ని నిలబెట్టేశాడు, ఎంతకీ దించడు. నేను మాత్రం ఆయన మళ్ళీ ఊపిరి తీసుకున్నాకే ఊపిరి తీసుకున్నాను.

మర్నాడు పత్రికలో వార్త వచ్చింది. కీర్తిశేషులు ఫలానా వారి స్మారక వేదికపై ప్రముఖ నటులు ఫలానా వారు పద్యాలు ఆలపించి అలరించారని. రెండు చోట్లా ఒకటే పేరు. ఒకే వాక్యంలో తాతయ్య పోయాడు, పాడాడు. నాకు నీరసం వచ్చింది. దీన్ని పద్ధతి మాస్టారికి ఎలా చూపించను? తాతయ్య ఆ రాగాన్ని ఎంతసేపు నిలబెట్టాడో కూడా కలిపి రాసి, బెదురుతూనే చూపించాను.

తాతయ్యను రేపల్లెలో దిగబెట్టడానికి తెనాలిలో బండి మారి కూర్చున్నాక జవాబు వచ్చింది. ఈలోగా మాస్టారు ఊరికే కూర్చోలేదు. ఇంకో పత్రికలో అదే మరణవార్త వెతికి పట్టుకున్నారు. అందులో పోయినాయన ఊరు, ఆయన హార్మోనియం, ఆయన ఫోటో సరిగ్గా ఉన్నాయి. దానితో తాతయ్య పేజీలోంచి మరణం తీసేసి, ఆ హార్మోనిస్టు గారికి విడిగా ఒక చిన్న పేజీ మొదలుపెట్టారు. చివర ఇలా రాశారు: "మీ తాతయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి. అంత దీర్ఘంగా రాగం తీశారని విన్నాను. విన్నదానికి ఆధారం అడగడం లేదు."

గుండెల మీంచి బరువు దిగింది. తాతయ్యకు చదివి వినిపించాలని తలెత్తితే, కిటికీకి తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు. అలసిపోయి ఉంటాడు. నా చేతిలో ఉన్నదేమో అచ్చయిన ఆధారం, ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయినా ఎందుకో మనసు ఆగలేదు. మెల్లగా వంగి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"ఉన్నానే అమ్మడూ," అన్నాడు తాతయ్య కళ్ళు తెరవకుండానే.

ఎదుటి సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న ఒకావిడ మమ్మల్నిద్దర్నీ వింతగా చూసింది. ఆ రోజు ఆ బండిలో, వేలికి తగిలిన వెచ్చదనాన్ని నమ్ముకుని రేపల్లె దాకా నిశ్చింతగా కూర్చున్న అప్పటి నాలోని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. ఎన్నో వ్యాసాలు దిద్దింది కానీ, అంత హాయిగా దేన్నీ నమ్మడం ఆమెకు అదే మొదటిసారి.