మారుమూలకు తొలి తాంబూలం

కుందుర్పి అవతల ఒక పల్లెలో ఏటా వాన కోసం పూజ చేస్తారు. అక్కడ తొలి తాంబూలం మా తాతకు ఇచ్చేవారు. మా భూములు పోయాయి, ఇల్లు పోయింది. ఆ తాంబూలం మాత్రం ఇంకా మాదేనని నా నమ్మకం. తాత పోయినప్పటి నుంచి మా ఇంటివారెవరూ వెళ్ళలేదు. ఈసారీ వెళ్ళకపోతే అదీ చేజారుతుందని బయలుదేరాను.

అనంతపురంలో ఆరు గంటల బస్సు. భుజం మీది తాత జరీ కండువా నలుగుతుందని నిలబడే ఉన్నాను. పామిడి నుంచి చీకటితోనే వచ్చిన బట్టల వ్యాపారి మరియమ్మ, తన మూట ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది.

"కూర్చో అన్నా. కండువా కోసం కాళ్ళు పోగొట్టుకుంటావా? యాడికి పోతాండావు?"

ఊరి పేరు చెప్పి, "మారుమూల పల్లెలే" అన్నాను.

"నేనూ ఆడికే. పూజకు జనం చేరతారు, నాలుగు చీరలు అమ్ముకుంటా." మూట సర్దుకుంటూ అడిగింది. "మారుమూల అంటాండావే, ఎవురికి?"

మారు అంటే మరొకటి. మూల తెలిసిందే. తానున్న చోటు కూడా ఒక మూలేనని ఎరిగినవాడే ఈ మాట పుట్టించి ఉండాలి. కిటికీ అవతల గాలిమరలు నిద్రలో తిరుగుతున్నట్టున్నాయి. విత్తనం పడని ఎర్రనేల మెల్లగా వెనక్కి జారిపోతోంది.

ఎనిమిదికి కళ్యాణదుర్గంలో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బస్సు మారి కుందుర్పి, అక్కడి నుంచి ఆటో. పల్లె చేరేసరికి పదకొండు.

పూజ ముగిసింది. పూజారి హనుమప్ప తాంబూలం పళ్ళెంతో లేచాడు. నేను కండువా సర్దుకుని ముందుకొచ్చి తాత పేరు చెప్పాను.

"ఓహో, ఆయప్ప మనవడివా! యాడినుంచి వచ్చినావు?"

"అనంతపురం."

అతను జనం వైపు తిరిగాడు. "అంతకంటే దూరం నుంచి వచ్చినోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"నాది పామిడి సామీ!" అంది మరియమ్మ, చీర మడత పెడుతూనే.

పళ్ళెం ఆమె దగ్గరికి పోయింది. నా ముఖం మండింది. "అది మా ఇంటి హక్కు" అన్నాను.

"హక్కేందప్పా? వాన దూరం నుంచి రావాల గదా, అందుకే అందరికన్నా దూరం నుంచి వచ్చినోళ్ళకే తొలి తాంబూలం. మీ తాత ఆ మారుమూల నుంచి గుర్రమెక్కి వస్తాండె, ఇస్తాంటిమి."

"అనంతపురం మారుమూలా?"

"ఈడ నిలబడి చూడప్పా!" అందరూ నవ్వారు.

కుందుర్పిలో తిరుగు బస్సు నాలుగింటికి. బస్సులో మరియమ్మ తమలపాకులు రెండు పాళ్ళు చేసింది. "పట్టుకో అన్నా. నువ్వు మాత్రం తక్కువ దూరం వచ్చినావా?"

కండువా మడిచి ఆమె మూట మీద పెట్టి, ఆకులు అందుకున్నాను.

వెళ్ళదలచినవారు ఆరు గంటల బస్సు వదలకండి. పామిడి అవతలి నుంచి వస్తే మరీ మంచిది. పొద్దువాలాక అనంతపురం దీపాలు కనిపించాయి, చిన్నవిగా, ఎక్కడో మారుమూల ఎవరో వెలిగించి పెట్టినట్టు.